యు+16800 (బాముమ్ పాత అక్షరం)

పశ్చిమ కామెరూన్‌లోని బాముమ్ రాజ్యపు పాత లిపిలో ఒక అక్షరానికి యూనికోడ్ కేటాయించిన సంఖ్య యు+16800. అధికారిక నామం ‘బాముమ్ లెటర్ ఫేజ్-ఏ ఙ్కుయే మ్ఫోన్’. 2010లో వెలువడిన యూనికోడ్ 6.0లో 569 పాత అక్షరాలకు ‘బాముమ్ సప్లిమెంట్’ అనే విభాగం ఏర్పడింది. అందులో మొదటిది ఇదే.

లిపిని రూపొందించినవాడు ఫుంబాన్ రాజధానిగా ఏలిన రాజు ఇబ్రహీం న్జోయా. 1896 ప్రాంతంలో 500 పైచిలుకు గుర్తులతో మొదలుపెట్టాడు. అప్పుడవి చాలావరకు బొమ్మలే. రాజూ ఆయన ఆస్థానంవారూ వాటిని మళ్లీ మళ్లీ దిద్దారు. కొన్నిటిని వదిలేశారు, మిగిలినవాటిని గీతలకు కుదించారు, మాటకొక గుర్తు అన్న పద్ధతి నుంచి ధ్వనికొక గుర్తు అన్న పద్ధతికి వచ్చారు. 1910 నాటి ‘అ-క-ఉ-కు’ దశకు 80 అక్షరాలు మిగిలాయి. ఇతర లిపులకు శతాబ్దాలు పట్టిన మార్పు ఇక్కడ పదిహేనేళ్లలో జరిగింది, దశదశకూ రాతప్రతుల సాక్ష్యం ఉంది. పాత అక్షరాలకు ఇంత విలువ అందుకే.

న్జోయా బడులు పెట్టించాడు, తన జాతి చరిత్రనూ ఆచారాలనూ ఈ లిపిలోనే రాయించాడు. ఫ్రెంచి పాలనలో ఆ బడులు మూతపడ్డాయి. 1931లో న్జోయాను యావుండేకు ప్రవాసం పంపితే, 1933లో ఆయన అక్కడే మరణించాడు.

ఈ లిపి ఆధునిక రూపానికి 2009లోనే, యూనికోడ్ 5.2లో, 88 సంకేతాలు దక్కాయి. వాటితో తొలినాళ్ల రాతప్రతులను టైపు చేయడం కుదరదు. పాతవాటిని చేర్చబోతే ఒక చిక్కు: ఒకే గుర్తు రెండు మూడు దశల్లో కనిపిస్తుంది. ప్రతి దశకూ వేరే సంఖ్య ఇస్తే ఒకే అక్షరం పలుచోట్ల నమోదై వెతుకులాట గందరగోళమయ్యేది. అందుకని అక్షరాన్ని ఒక్కసారే నమోదు చేసి, అది చివరిగా వాడుకలో ఉన్న దశను పేరులో చేర్చారు. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటిది. ‘ఫేజ్-ఏ’ అని ఉందంటే ఆ అక్షరం తొలి దశ దాటలేదని పేరే చెబుతుంది.

యు+16800 దశాంశ పద్ధతిలో 92,160. ఇది 65,535ను మించడంతో యూటీఎఫ్-16 అనే నిల్వ పద్ధతిలో రెండు భాగాలుగా, యూటీఎఫ్-8లో నాలుగు బైట్లుగా నిల్వ అవుతుంది. తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు. నోటో సాన్స్ బాముమ్ వంటి ఫాంటు లేని పరికరంలో ఖాళీ గడి మాత్రమే కనిపిస్తుంది. అయినా లోపలి సంఖ్య చెక్కుచెదరదు గనుక, టైపు చేసిన ప్రతిలో అక్షరాన్ని వెతికి పట్టుకోవచ్చు.