కాలువ గట్టు మీద ఆయిల్ మార్చొద్దు: ట్రక్కు, ట్రాక్టరు నుంచి దించిన పాత ఆయిల్‌ను ఏం చేయాలి?

లంక గ్రామాల అరటి గెలలు, తెనాలి యార్డుకు వెళ్లే నిమ్మకాయలు, రేపల్లె, నిజాంపట్నం చెరువుల రొయ్యలు ఎక్కువగా చిన్న డీజిల్ ట్రక్కుల్లోనే వెళ్తుంటాయి. ఇప్పుడు చాలామంది రైతుల ఇళ్ల ముందు ట్రాక్టరుతో పాటు ఇలాంటి బండి ఒకటి కనిపిస్తోంది. ఇంజిన్ ఆయిల్ మార్చడానికి షెడ్డుకు పంపకుండా ఇంటి దగ్గరే మార్చుకునేవారూ ఉన్నారు. అందులో తప్పులేదు. గంట, గంటన్నర పని, కూలీ మిగులుతుంది. దించిన నల్ల ఆయిల్ ఎక్కడికి పోతోందన్నదే సమస్య. బండి కడుక్కోవడానికి నీళ్లు అందుబాటులో ఉంటాయని కాలువ గట్టు మీద ఆపి, అక్కడే బోల్టు విప్పేస్తున్నారు.

మన డెల్టాలో ఇది ఎందుకు పెద్ద విషయం?

ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పొలాలకు మాత్రమే నీళ్లివ్వవు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. అందుకే బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఎన్నో ఊళ్లు కాలువ నీటితో నింపుకున్న మంచినీటి చెరువుల మీదే ఆధారపడతాయి. వేసవిలో కాలువ కట్టేశాక ఎండిన అడుగున పోసిన ఆయిల్ అక్కడే మట్టిలో ఉంటుంది. మళ్లీ నీరు వదలగానే మొదటి నీటితో కదిలి కిందికి వస్తుంది. ‘కాలువలో నీళ్లు లేవుగా’ అని పోసిన ఆయిల్ కూడా చివరికి నీళ్లలోకే చేరుతుంది.

బాపట్ల సముద్రతీరపు ఇసుక నేలల సంగతి వేరు. అక్కడ దొరువుల్లో, ఫిల్టర్ పాయింట్లలో దొరికే మంచినీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలే పలచటి పొర. దాన్ని జాగ్రత్తగా తోడుకునేందుకే బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మెరుగుపరచిన దొరువు పద్ధతిని రూపొందించారు. ఇసుకలో పోసిన ఆయిల్ నల్లరేగడిలోలాగా పైన ఆగదు, తొందరగా కిందికి దిగుతుంది. దొరువు పక్కన ఆయిల్ మార్చడమంటే మన బిందెలో మనమే పోసుకున్నట్టు.

ఎంత ఆయిల్‌కు ఎంత నీరు చెడుతుంది? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క ప్రకారం, ఒక వాహనం నుంచి ఒకసారి దించిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదు. మన కొలతలో అది సుమారు 38 లక్షల లీటర్లు. ఎకరం చెరువులో మీటరు లోతున నీరు పెడితే దాదాపు 40 లక్షల లీటర్లు పడుతుంది. చెరువంతా నల్లబడుతుందని కాదు, ఆ నీరు తాగడానికి పనికిరాకుండా పోతుందని అర్థం. రొయ్యల చెరువుకైతే పైన పరుచుకున్న పొర గాలి నీటిలో కలవకుండా అడ్డుపడుతుంది. ఆయిల్ వాసన పట్టిన సరుకును కొనేవాడూ ఉండడు.

నల్లబడగానే మార్చనక్కర్లేదు

డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపినా మసి కలిసి నల్లబడుతుంది. అది ఆయిల్ పని చేస్తోందనడానికి గుర్తే. రంగు చూసి మార్చేవాళ్లు డబ్బు పారేసుకుంటున్నారు, పాత ఆయిల్ కూడా రెట్టింపు తయారు చేస్తున్నారు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లు చూసుకోండి. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకు ఒకసారి మార్చాలని ఉంటుంది, కొత్త ట్రాక్టరుకు మొదటి సర్వీసు అంతకంటే ముందే వస్తుంది. బండి తక్కువగా తిరిగినా ఏడాదికోసారి మార్చడం మంచిది. ఆయిల్ పాలలాగా తెల్లబడితే నీరు కలిసిందని, పలచబడి డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతోందని అనుమానించాలి. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోకుండా మెకానిక్‌కు చూపించండి.

గ్రేడు విషయంలో షాపువాడి మాట కాకుండా పుస్తకం మాట వినండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ ట్రక్కులకు పొగ శుద్ధి చేసే ఫిల్టర్లు ఉంటాయి. ట్రాక్టరుకు తెచ్చిన ఆయిల్ మిగిలిందని వాటిలో పోస్తే ఆ ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదం ఉంది, దాని ఖర్చు చాలా పెద్దది.

ఆయిల్ దించే పద్ధతి

కాలువకు, బావికి, చెరువుకు దూరంగా చదునైన గట్టి నేల చూసుకోండి. పాత టార్పాలిన్ పరిచి, దాని మీద వరి ఊక గానీ రంపపు పొట్టు గానీ పలచగా చల్లండి. మన ఊళ్లలో ఊకకు కొదవ లేదు, కింద పడ్డ ఆయిల్‌ను బాగా పీలుస్తుంది. బండికి హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరకూడదు.

ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపేసి, పది నిమిషాలు ఆగండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మురికితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. ఇంజిన్‌లో పట్టే ఆయిల్ కంటే పెద్ద ట్రే పెట్టాలి. మూడు సిలిండర్ల ట్రాక్టరుకు సాధారణంగా 6 నుంచి 8 లీటర్లు దిగుతుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఐదు లీటర్ల డబ్బాను అడ్డంగా కోసి పెడితే పొంగిపోతుంది. చాలాచోట్ల నేల మీద పడేది ఇలాగే.

చేతులకు రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. వాడిన ఆయిల్‌లో ఇంజిన్ అరుగుదల నుంచి వచ్చిన లోహపు పొడి, మండినప్పుడు పుట్టిన విషపదార్థాలు ఉంటాయి. ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే క్యాన్సర్ ముప్పు ఉంది. చేతులు డీజిల్‌తో కడిగే అలవాటు మెకానిక్‌లలో ఉంది. అది చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు.

పాత ఫిల్టరు తీసేటప్పుడు దాని రబ్బరు వాషరు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోలేదని చూసుకోండి. కొత్తదాని వాషరుకు కాస్త కొత్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. పానాతో బిగిస్తే మళ్లీ ఊడిరాదు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయండి. ఆయిల్ పోశాక ఇంజిన్ స్టార్టు చేసి, ఆయిల్ లైటు ఆరిందో లేదో, కింద కారుతోందో లేదో చూడండి. ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్‌తో మట్టం సరిచూసుకోవాలి.

దించిన పాత ఫిల్టరులో కూడా ఆయిల్ ఉంటుంది. వెచ్చగా ఉండగానే దానికి రంధ్రం చేసి, ట్రే మీద బోర్లించి ఒక రాత్రి వదిలేయండి.

దాచడం, ఇవ్వడం

పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పోసి మూత బిగించి, ‘పాత ఆయిల్’ అని పెయింటుతో రాయండి. పురుగుమందు డబ్బాలో మాత్రం పోయొద్దు. మందు అవశేషం కలిసిందంటే శుద్ధి చేసేవాళ్లు దాన్ని తీసుకోలేరు. నీళ్లు, పెట్రోలు, బ్రేకు ఆయిల్, రేడియేటరు కూలెంటు కూడా కలపకూడదు. పిల్లలకు, పశువులకు అందని చోట, వాన తగలకుండా ఉంచండి.

ఆయిల్ అరిగిపోదు, మురికి పడుతుందంతే. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిల్‌గానే పనికొస్తుంది, అందుకే దానికి ధర ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలి. 2023లో చేసిన సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి పాత ఆయిల్ తిరిగి శుద్ధి అయ్యేలా చూసే బాధ్యతను ఆయిల్ కంపెనీల మీద కూడా పెట్టారు. కాబట్టి కొత్త ఆయిల్ కొన్న షాపులోనో, కంపెనీ సర్వీసు సెంటరులోనో ‘పాతది తీసుకుంటారా’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఒక్కరి దగ్గర ఐదు లీటర్లుంటే ఎవరూ రారు. పదిమంది కలిసి ఒక డ్రమ్ము నింపితే గుంటూరు, విజయవాడ ఆటోనగర్ల నుంచి సేకరించేవాళ్లు వచ్చి తీసుకెళ్తారు. వాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా అని అడిగి, కాగితం చూసి ఇవ్వండి.

రెండు రూపాయలు ఎక్కువిస్తానని అడిగినవాడికల్లా అమ్మొద్దు. అందులో కొంత ఇటుక బట్టీల్లో మండుతుంది. కొంత గుడ్డలో వడకట్టి కంపెనీ డబ్బాల్లో నింపితే నకిలీ ఆయిల్ అవుతుంది, అది మళ్లీ మన ఇంజిన్‌లోకే వస్తుంది. ఖాళీ డబ్బాలను పాత సామాన్లవాడికి వేసేముందు కత్తితో కోసేయండి.

పాత ఆయిల్‌తో చేసే కొన్ని పనులు

గేదెల గజ్జికి పూయడం వెంటనే మానేయాలి. పశువు దాన్ని నాకుతుంది, ఆ విషం లోపలికి పోతుంది. వరిలో దోమకు నీటి మీద చల్లడం కూడా అంతే, ఆ నీరు మురుగు కాలువలో పడి కింది రైతు ఇంజిన్‌తో తోడుకునే నీటిలో చేరుతుంది. చెదలు పట్టకుండా పందిరి గుంజలకు రాయడాన్ని మాన్పించడం కష్టమని తెలుసు, అయినా కూరగాయల పాదుల దగ్గర వద్దు. మునిసిపాలిటీ వాళ్లు దోమల కోసం మురుగులో ఆయిల్ బంతులు వేస్తారు కదా అంటారు కొందరు. అవి ఊరి మురుగు గుంటలకు ఉద్దేశించినవి. కాలువకు, తాగునీటి చెరువుకు, రొయ్యల గుంటకు ఆ లెక్క వర్తించదు.

ఆయిల్ ఇంజిన్లు, కోత మిషన్లు

కాలువ చివరి భూముల్లో గట్టు మీద ఆయిల్ ఇంజిన్ పెట్టి నీరు తోడేవాళ్లు ఆయిల్ మార్చేటప్పుడు ఇంజిన్‌ను ఇంటికి తెచ్చుకోవడం మేలు. కుదరకపోతే కనీసం ట్రే, ఊక వెంట తీసుకెళ్లండి. కోతల సమయంలో బయటి జిల్లాల నుంచి వచ్చే మిషన్లవాళ్లు తీరిక లేక పొలం గట్టునే సర్వీసు చేస్తుంటారు. ఎకరానికి రేటు మాట్లాడుకునేటప్పుడే ‘ఆయిల్ మారిస్తే ట్రేలో పట్టి మీరే తీసుకెళ్లాలి’ అని చెప్పండి. పని మొదలయ్యాక చెప్తే ఎవరూ వినరు.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి ఒలుకుతుంది. నేల మీద పడితే ఊక వేసి, తడిసిన మట్టితో సహా పారతో తీసి సంచిలో కట్టండి. ఆ ఊకను పొయ్యిలో పెట్టొద్దు, పెంటలో కలపొద్దు, పాత ఆయిల్‌తో పాటే పంపండి. బోదెలో పడితే ముందు కింది రైతుకు ఫోన్ చేసి ఇంజిన్ ఆపించండి. వరిగడ్డిని లావుపాటి తాడులా పేని బోదెకు అడ్డంగా వేస్తే తేలే ఆయిల్ దానికి పట్టుకుంటుంది. సబ్బు పొడి చల్లితే పైకి కనిపించదు గానీ ఆయిల్ నీటిలో కలిసిపోతుంది, కాబట్టి చల్లొద్దు. పెద్ద కాలువలో పడితే ఆలస్యం చేయకుండా లస్కరుకు చెప్పండి. కింద మంచినీటి చెరువు నింపుతుంటే తూము మూయించగలిగేది ఆయనే.