ఆగిన రోబోను కదిలించే క్రమం

1882 ఫిబ్రవరి 15న డునెడిన్ రేవు పోర్ట్ చామర్స్ నుంచి ‘డునెడిన్’ అనే తెరచాప ఓడ బయలుదేరింది. అందులోని గడ్డకట్టించిన గొర్రె మాంసం చెడకుండా లండన్ చేరడంతో న్యూజిలాండ్ ఎగుమతుల దశ తిరిగింది. మాంసం కోత పని మాత్రం దశాబ్దాలపాటు మనుషుల చేతుల మీదే, కత్తులూ రంపాల మధ్యే సాగింది.

1913లో డునెడిన్ ఊళ్లోనే పుట్టిన స్కాట్ కంపెనీ ఈ కోత పనికి రోబోలను తయారుచేసింది. ఎక్స్‌రే ఎముకల జాడ చూపితే, ఆ లెక్కన యంత్రం కోస్తుంది.

ఇలాంటి రోబో చుట్టూ ఉండే కంచె తలుపు తెరిస్తే అది ఆగాలి. అసలు చిక్కు మళ్లీ కదిలించడంలో ఉంది. తలుపు మూసినంత మాత్రాన రోబో కదలకూడదు. లోపల ఎవరూ లేరని చూసి, బయటి నుంచి రీసెట్ నొక్కి, ఆపైన విడిగా స్టార్ట్ ఇవ్వాలి. రోబో చెయ్యి ఎక్కడ ఆగిందో, పట్టులో మాంసం ఉందో లేదో ప్రోగ్రాం సరిచూసుకుని, నెమ్మదిగా వెనక్కి తీయాలి.

మన కర్మాగారాల్లోనూ రోబోలు పెరుగుతున్నాయి. పని త్వరగా అవుతుందని రీసెట్, స్టార్ట్ మీటలను ఒకటిగా కలిపేయకండి.