డేరా వెనుకటి యంత్రము

గత వేసవిలో మా తమ్ముని కుమారుడు అమెరికా నుండి సెలవుపై వచ్చి, తొరపాడిలోని మా యింటి అరుగు మీద కూర్చుండి, తన ఫోనులోని కొన్ని బొమ్మలు నాకు చూపించెను. కారు వెనుక తగిలించుకొని పోవు చిన్న చక్రముల యిల్లు అది. అందు ఒక పడక, ఒక పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, చల్లగాలి యంత్రము కలవు. దానిని అడవి యంచున నిలిపి రెండు మూడు దినములు కాపురముండి వత్తురట. “అడవిలో కరెంటు ఎక్కడిదిరా?” అని అడిగితిని. అతడు సూటుకేసంత యంత్రమొకటి చూపి, “ఇదే ఇస్తుంది, పెదనాన్నా. పెట్రోలు జనరేటరు. ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండువేల వాట్లు. కాని ఏసీ, కరెంటు పొయ్యి ఒక్కసారే వేస్తే ఆగిపోతుంది” అని చెప్పెను.

నాకు నవ్వు వచ్చెను. ఊరూర డేరా వేయుట, దీపమునకు కావలసిన కరెంటును తామే పుట్టించుకొనుట, మోయగలిగినంత భారమే యంత్రముపై మోపుట, ఇవి మా యింటికి కొత్త సంగతులు కావు. మా పెదనాన్నగారు టూరింగు టాకీసులో ఇంజను మనిషిగా ఇరువదియేండ్లకు పైగా పని చేసిరి. మన ప్రాంతపు తెలుగువారు ఆ టాకీసును ‘టెంటు కొట్టాయి’ అనెడివారు. తెర మీది నటులను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. తెరకు వెలుగు నిచ్చిన ఆ యంత్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా ఉద్దేశము.

మన దేశమున చలనచిత్రము మొదట కనబడినది 1896 జూలై 7వ తేదీన, బొంబాయిలోని వాట్సన్ హోటలులో. అచటికి వచ్చినది ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరుల యంత్రము. దక్షిణ దేశపు పల్లెలకు దానిని మోసికొనిపోయినది మాత్రము మనవారే. తిరుచిరాపల్లి రైల్వేలో ఉద్యోగము చేయుచుండిన సామికన్ను విన్సెంటు 1905లో ఒక ఫ్రెంచివాని యొద్ద ప్రొజెక్టరును, ఫిలిములను కొని, ఉద్యోగము వదలి ఊరూర తిరిగెను. మచిలీపట్నమున జన్మించి, మద్రాసులో ఛాయాచిత్రశాల నడుపుచుండిన మన రఘుపతి వెంకయ్య నాయుడుగారు 1909 ప్రాంతమున గోమాంట్ కంపెనీవారి క్రోనోమెగాఫోనును తెప్పించిరి. బొమ్మతోపాటు గ్రామఫోను పళ్లెము నుండి ధ్వని వచ్చునట్లు చేసిన యంత్రమది. దానితో వారు మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలులోను, ఆంధ్ర పట్టణములలోను, బెంగుళూరులోను, సింహళమున, బర్మాలోను ప్రదర్శనలిచ్చిరి. పిమ్మట 1914 ప్రాంతమున మద్రాసులో గెయిటీ థియేటరును కట్టించిరి. స్థిరమైన కప్పు క్రిందికి వచ్చుటకు ముందు మన సినిమా సంచారి యన్నమాట.

సంచారికి మొదటి కష్టము వెలుతురు. విద్యుత్తు లేని చోట్ల సున్నపు ముక్కను ఆక్సిజను, హైడ్రోజను వాయువుల మంటలో కాల్చి, తెల్లని కాంతి పుట్టించెడివారు. పిదప ఆర్కు దీపము వచ్చెను. రెండు కార్బను కడ్డీల కొనలను తాకించి కొంచెము ఎడము చేయగా, నడుమ కన్నులు చెదరు వెలుగు పుట్టును. దీనికి డైనమో కావలెను. డైనమోను త్రిప్పుటకు ఇంజను కావలెను.

నేను గుమాస్తాగా బ్రదికినవాడను గనుక ఒక చిన్న లెక్క వేసి చూపెదను. డైనమో 110 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు ఇచ్చుచున్నదనుకొందము. మొత్తము 3,300 వాట్లు. ఆర్కునకు కావలసినది 50 వోల్టులు మాత్రమే. అనగా 1,500 వాట్లు. మిగిలిన 1,800 వాట్లు రెసిస్టెన్సు పెట్టెలో వేడియై పోవలసినదే. ఆ పెట్టె లేనిచో కడ్డీలు తాకిన క్షణముననే కరెంటు హద్దు మీరి, ఇంజను ఉక్కిరిబిక్కిరియై నిలిచిపోవును. 3,300 వాట్లనగా నాలుగున్నర గుఱ్ఱముల బలము. డైనమోలోను, బెల్టులోను పోవు నష్టము కలుపుకొన్నచో ఆరేడు గుఱ్ఱముల ఇంజను ఉండవలెను. ఇంగ్లండులోని డర్స్‌లీలో తయారైన లిస్టరు ఇంజనుల వంటివి ఇందులకు తగినవి. పెద్ద చక్రము, చల్లార్చుటకు నీళ్ల పీపా, చేతితో త్రిప్పి లేపు హ్యాండిలు గల ఇంజను అది. దానిని బండి మీది నుండి దింపుటకు నలుగురు మనుష్యులు చాలెడివారు కారు.

1931లో సినిమాకు మాట వచ్చెను. మార్చిలో హిందీ ‘ఆలం ఆరా’, అక్టోబరు 31న హెచ్.ఎం. రెడ్డిగారి ‘కాళిదాస్’ విడుదలయ్యెను. ‘కాళిదాస్’లో తమిళముతోపాటు తెలుగు కూడ వినబడెను. మరుసటి యేడు ‘భక్త ప్రహ్లాద’ పూర్తిగా తెలుగున వచ్చెను. ఇంజను మనిషి పని అప్పటి నుండి కఠినమయ్యెను. మూగబొమ్మల కాలమున రీలును చేతితో త్రిప్పెడివారు. వేగము కొంచెము హెచ్చినను తగ్గినను ప్రేక్షకుడు సహించెడివాడు. మాట వచ్చిన పిదప సెకనుకు 24 బొమ్మలు తప్పక నడవవలెను. ఇంజను అలసినచో మోటారు మందగించి, తెర మీది నాయిక గొంతు బొంగురుపోవును. కావున ఎంత బలమున్నదన్నదానికంటె ఎంత నిలకడ యున్నదన్నదే ముఖ్యమయ్యెను. మా పెదనాన్నగారు తెర చూడకుండ, పాట వినియే ఇంజను ఆరోగ్యము చెప్పెడివారు.

ఈ యంత్రము మన జిల్లాలో ఎందుకంత అవసరమయ్యెనో చెప్పవలెను. పైకారా జలవిద్యుత్తు 1932లోను, మెట్టూరు జలవిద్యుత్తు 1937లోను ఆరంభమయ్యెను. తీగలు ముందు పట్టణములకు వచ్చినవి. పల్లెలు స్వాతంత్ర్యము వచ్చిన పిదప కూడ ఏండ్ల తరబడి కిరసనాయిలు దీపముతోనే గడపినవి. అట్టి పల్లెలో కొట్టాయి వెలిసిన నాడు, జనులు మొదట చూచిన విద్యుద్దీపము టిక్కెట్ల కిటికీ మీది బల్బే. తెర మీది బొమ్మ ఆ తరువాతది.

కొట్టాయి వేయుటకు నియమములుండెను. 1955 నాటి మద్రాసు సినిమాల నియంత్రణ చట్టము క్రింద టూరింగు సినిమాకు కొంత కాలపరిమితితో లైసెన్సు ఇచ్చెడివారు. గడువు తీరగానే డేరా విప్పవలెను. లోపల నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. 1950ల ఆరంభము వరకు వాడుకలోనుండిన నైట్రేటు ఫిలిము నిప్పురవ్వ తగిలిన భగ్గున మండునది గనుక ప్రొజెక్టరుకు రేకుల గది వేరుగా ఉండెడిది. ఇంజనును డేరాకు దూరముగా, పొగ జనుల మీదికి రాని దిక్కున నిలిపెడివారు. మా తమ్ముని కుమారుడును ఇదే మాట చెప్పెను: జనరేటరును చక్రాల యింటికి ఆనించి పెట్టరాదట, వాసన లేని కార్బను మోనాక్సైడు లోపలికి చేరి నిద్రించువారిని నిద్రలోనే చంపునట. దేశములు వేరైనను యంత్రధర్మ మొక్కటియే.

ఇక నేను కన్నులార చూచిన ఒక రాత్రి సంగతి. 1968 వేసవిలో, నాకు ఎనిమిదేండ్ల ప్రాయమున, పెదనాన్నగారు నన్ను తమతో గుడియాత్తం నుండి పేర్ణంబట్టు పోవు దారిలోని ఒక పల్లెకు తీసికొనిపోయిరి. అచట మగ్గముల మీద లుంగీలు నేయు తెలుగు కుటుంబములు చాల ఉండెను. ఆ రాత్రి ‘మాయాబజారు’ తెలుగు ప్రతి. విజయావారు 1957లో ఆ చిత్రమును తెలుగునను తమిళమునను వేర్వేరుగా తీసిన సంగతి మీకు తెలిసినదే. మామూలుగా మా కొట్టాయికి తమిళ ప్రతియే వచ్చెడిది. తెలుగు ప్రతి వచ్చుట పండుగ.

ఘటోత్కచుడు తెర మీదికి వచ్చిన కొంతసేపటికి పాట మూలిగెను, బొమ్మ మసకబారెను, అంతయు చీకటి. యజమాని కేకలు వేయుచు వచ్చెను. పెదనాన్నగారు లాంతరు పట్టుకొని పైపును తడవి, “గాలి పట్టుకుంది” అని ఒక్క మాట యనిరి. డీజిలు పైపులో గాలిబుడగ చేరినచో ఇంజనుకు చమురు అందదు. నట్టు వదలు చేసి, చేతిమీటను కొట్టుచు, బుడగలు పోయి చమురు ధారగా వచ్చువరకు ఆగి, మరల నట్టు బిగించవలెను. తొందరపడిన ఆ పని కాదు. లోపల జనులు డబ్బులు వాపసు ఇమ్మని లేచుచుండిరి.

అంతలో నేల తరగతి నుండి ఒక ముసలి నేతగాడు నిలువబడి, చీకటిలోనే, వీధినాటకపు ఫణితిలో పద్యములు ఎత్తుకొనెను. ఒకటి ముగియగానే వేరొకరు అందుకొనిరి. అరగంట సేపు ఆ డేరాలో యంత్రము లేదు, వెలుగు లేదు, తెలుగు మాత్రముండెను. ఒక్కడును లేచిపోలేదు. ఇంజను మరల ‘దబ్ దబ్’ మని లేచి దీపము వెలిగినప్పుడు, పాడుచున్నవాని పద్యము పూర్తియగువరకు ఆట మొదలుపెట్టవలదని నేలవారే అరచిరి.

ఆ రాత్రి విలువ నాకు పెద్దయైన పిదప తెలిసెను. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. ఆ యేడు చిత్తూరు వేరు జిల్లా యయ్యెను. 1953లో వేరు రాష్ట్రమునకు పోయెను. మనము ఉన్న ఊరు కదలలేదు, సరిహద్దే కదలెను. బడిలో, కచేరిలో, అంగడిలో తమిళము మన నిత్యావసరమయ్యెను. అది మనకు అన్నము పెట్టిన భాష, దానిపై ఫిర్యాదు లేదు. తెలుగు మాత్రము ఇంటి గడప దాటి పదిమందిలో వినబడుటకు ఆ డేరా వంటి చోట్లు కొన్నియే మిగిలెను.

1975లో మద్రాసున దూరదర్శన్ కేంద్రము ఆరంభమయ్యెను. తరువాత వీడియో వచ్చెను, పల్లెలకు కరెంటు వచ్చెను. కొట్టాయిలు ఒక్కటొక్కటిగా విప్పబడినవి. మా పెదనాన్నగారికి ఫించను లేదు. ఇరువదియేండ్ల ఇంజను మ్రోతకు చెవులు రెండును పోయినవి. వారు విడిచిపోయినవి ఒక స్పానరు, కొన్ని రాగిపూత కార్బను ముక్కలు, ఒక లెక్కల పుస్తకము. ప్రతి రాత్రికి ఒక పంక్తి: ఊరి పేరు, ఆటలు రెండు, డీజిలు ఏడు లీటర్లు, కార్బన్లు ఇన్ని. చుట్టును అంతయు తమిళమున నడచుచుండగా, ఆయన లెక్క మాత్రము తెలుగు అక్షరములలో, తెలుగు అంకెలలో ఉన్నది.

ఆ పుస్తకమును అమెరికా పిల్లవాని చేతికిచ్చితిని. ఇంజను సంగతి ఒక్కమాటలో గ్రహించినవాడు, ఆ పుట ముందు చాలసేపు ఊరకుండి, “నాకు చదవటం రాదు, పెదనాన్నా” అనెను. తప్పు వానిది కాదు. నేర్పనివారిది, అనగా మాది. నేను చదివి వినిపించితిని. వాడు ఉండిన మిగిలిన పదిదినములలో ఒకటి నుండి పది వరకు తెలుగు అంకెలు నేర్చుకొని, ఒక పుట తానే చదివి వెళ్లెను.

మన సభ్యుల ఇండ్లలో ఇట్టి పుస్తకములు, టిక్కెట్టు ముక్కలు, ఆటకాగితములు అటకల మీద ఉండవచ్చును. చెదలకు ఇచ్చుటకు ముందు ఒకమారు క్రిందికి దింపి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని చదువుడని నా విన్నపము.