అడవికొమ్మ, మేలిజాతి వేరు

గుంటూరు జిల్లాలో చేబ్రోలుకు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున్నది. అక్కడ కొన్ని కుటుంబములవారు శనివారమును విశ్రాంతిదినముగా పాటిస్తున్నారు, పస్కాపండుగ జరుపుకొంటున్నారు. తమను ‘బెనే ఎఫ్రాయిము’, అనగా ఎఫ్రాయిము సంతతివారు, అని చెప్పుకొంటున్నారు. క్రీస్తుకు పూర్వము 722 ప్రాంతమున అస్సీరియనులు చెదరగొట్టిన ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయిము ఒకటి. ఈ కుటుంబముల పెద్దలు మాత్రము బాప్టిస్టు క్రైస్తవులు. 1980వ దశకము చివర వీరు తమ మూలమును ప్రకటించి, 1991లో సమాజమందిరము నెలకొల్పుకొన్నారు.

క్రైస్తవమునుండి ఇశ్రాయేలువైపు సాగిన ఈ నడక ఒక ప్రాచీన ప్రశ్నను మన ముంగిటికి తెచ్చినది. క్రీస్తు వచ్చిన పిమ్మట యూదజాతిపట్ల దైవసంకల్పము ముగిసినదా, నిలిచియున్నదా?

ఈ ప్రశ్నకు తొలి సమాధానము స్వయముగా యూదుడైన పౌలుది. రోమీయులకు వ్రాసిన పత్రిక పదకొండవ అధ్యాయములో ఆయన ఒలీవచెట్టును ఉపమానముగా తీసుకొన్నాడు. మన తోటమాలులు నాటు మామిడి మొక్కకు మేలిజాతి కొమ్మను అంటుకడతారు. పౌలు చెప్పినది ఇందుకు విరుద్ధము. మేలిజాతి చెట్టుకు అడవికొమ్మను అంటుకట్టినారట! అది ప్రకృతివిరుద్ధమని ఆయనే అంగీకరించినాడు. అన్యజనులు ఆ అడవికొమ్మ. ఇశ్రాయేలు ఆ వేరు. వేరును కొమ్మ మోయదు, కొమ్మనే వేరు మోస్తుంది గనుక అతిశయింపవలదని హెచ్చరించినాడు. దేవుడు తన పిలుపును వెనుకకు తీసుకొనడని కూడ స్పష్టముగా చెప్పినాడు.

ఆ హెచ్చరికను సంఘము త్వరలోనే మరచినది. రెండవ శతాబ్దిలో జస్టిన్, క్రైస్తవులే నిజమైన ఇశ్రాయేలని వాదించినాడు. అయిదవ శతాబ్దిలో అగస్టీన్, యూదులు చెదరిపోయి, తమ గ్రంథములను మోస్తూ, సంఘమునకు సాక్షులుగా మిగిలియున్నారన్నాడు. అట్లు వారికి ప్రాణరక్షణ లభించినదేగాని గౌరవము లభించలేదు. మధ్యయుగములలో నిందలు, బహిష్కారములు, హత్యాకాండలు పెరిగినవి. ఇరువదవ శతాబ్దిలో నాజీలు సుమారు 60 లక్షలమంది యూదులను వధించినారు. నాజీల జాతివాదము వేరు, వేదాంతము వేరు. అయినను శతాబ్దుల తిరస్కారబోధ ఐరోపా మనస్సాక్షిని మొద్దుబార్చినదన్న సత్యమును సంఘములు ఎదుర్కొనవలసివచ్చినది.

1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటనలో పౌలు చెప్పిన ఒలీవచెట్టునే తిరిగి స్మరించినది. యూదులు దేవునిచే శపింపబడినవారని బోధింపరాదన్నది. 2015లో వాటికన్ వెలువరించిన మరొక పత్రము, యూదులను మతాంతరీకరించు సంస్థాగత ప్రచారమును కాథలిక్కు సంఘము చేపట్టదని తెలిపినది. ప్రొటెస్టెంటులలో మాత్రము ఈ చర్చ నేటికిని ముగియలేదు.

ఇప్పుడు మన తెలుగునేలకు వద్దాము. 1878 జూలై 3న, కరవు వెన్నంటిన కాలమున, గుండ్లకమ్మ తీరమున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లఫ్ ఆధ్వర్యమున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరిబయట నిలబెట్టబడినవారికి ఆ దినము ఒక కొత్త పేరు, కొత్త గౌరవము లభించినవి. అదే కులమునుండి వచ్చిన కొత్తరెడ్డిపాలెము కుటుంబములు శతాబ్దికిపైగా గడచిన పిదప ఇంకొక అడుగు వేసినవి: తాము అంటుకొమ్మలము కామనీ, ఆ వేరుకే పుట్టినవారమనీ అన్నవి.

ఈ వంశావళిని చరిత్రకారుడు నిరూపింపలేడు. కాని ఆ మాటలోని ఆకాంక్షను త్రోసివేయుటకు అతనికి అధికారము లేదు. వేరు ఎవరిదని అడిగి మనుష్యుని తూచే సమాజములో, ప్రాచీనమైన వేరు ఒకటి తమదని చెప్పుకొనవలెనన్న కోరిక పుట్టుట వింతకాదు. పౌలు చెట్టుక్రింద నిలిచి చూచినచో మాత్రము ఇంకొక సంగతి కనబడుతుంది: అక్కడ అడవికొమ్మకును చోటున్నది, ఆ చోటు దక్కుటకు అడవికొమ్మ తన పుట్టుకను దాచుకొనవలసిన పనిలేదు.