వేంపల్లె ప్రాంతపు ఇళ్లలో సామాను సర్దుబాటు

ఇంట్లో రోజూ వాడే బోకులు, తిండి సరుకులు, బట్టలు, పనిముట్లు, కాగితాలు తలా ఒక చోట ఉండేలా చూసుకోవడం, అక్కర తీరినవాటిని ఎప్పటికప్పుడు గడప దాటించడం సామాను సర్దుబాటులోని రెండు పనులు. వైఎస్సార్ కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లెలోనూ, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లోనూ ఈ పనికి రెండు ఆసరాలున్నాయి. ఒకటి మట్టిమిద్దెల కాలం నుంచి వచ్చిన అలవాట్లు. రెండోది జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనుల్లో దొరికే నల్ల నాపరాయి. ఇల్లు చిందరవందర కావడానికి స్థలం చాలకపోవడం ఒక కారణమే. వస్తువు ఎక్కడ ఉండాలో ముందే అనుకోకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఇక్కడి పాత ఇళ్లను చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

మట్టిమిద్దెలో ఏది ఎక్కడ

రాయలసీమ మిద్దెకు పైన దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, ఆపైన చౌడుమట్టి. గోడలు రాయీ మట్టీ కలిపి లేపినవి, చాలా ఇళ్లలో రెండడుగుల దాకా మందం. గోడ కట్టేటప్పుడే అందులో గూళ్లు వదిలేవాళ్లు. గుమ్మం పక్కన దీపం గూడు, పొయ్యి పక్కన ఉప్పూ చింతపండూ అగ్గిపెట్టే పెట్టే గూడు, పడకల దగ్గర ఆకువక్కల గూడు. గూడు నేలను ఆక్రమించదు, గోడ దాటి ముందుకు రాదు. లోతు తక్కువ కనుక ఒక వస్తువు వెనక ఇంకొకటి దాక్కోదు. ఈ మూడో గుణమే అన్నిటికన్నా విలువైనది. నేటి ఇళ్లలో రెండడుగుల లోతు అల్మరా వెనక వరసలో ఏముందో ఇంట్లోవాళ్లకే తెలియదు. తెలియదు కాబట్టి అదే వస్తువు మళ్లీ కొంటారు.

గోడ తర్వాత పైకప్పు. దూలానికి వేలాడే ఉట్టి మీద పాలు, పెరుగు, నెయ్యి పిల్లికి అందకుండా ఉండేవి. దండెం మీద రోజూ కట్టే బట్టలు, బొంతలు. చిలక్కొయ్యలకు సంచులు, పగ్గాలు, కొడవళ్లు. చేట, జల్లెడ గోడకే. మూలన కుండల దొంతి ఉండేది, అడుగున పెద్ద కుండ, పైకి పోయేకొద్దీ చిన్నవి. తరచూ తీసేవి పైకుండల్లో, విత్తనాల వంటి ఏడాదికోసారి తీసేవి అడుగు కుండల్లో. దొంతి మొత్తానికి పట్టే నేల ఒక్క కుండ నిలిచేంత.

ధాన్యానికి వేరే ఏర్పాటు. వెదురుతోనో కంపతోనో అల్లి, మట్టీ పేడా మెత్తిన గరిసెలు ఇంటి దగ్గర ఉండేవి. జొన్నలను పాతరలో పోసేవాళ్లు. నేలలో లోతుగా గుంట తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం నింపి, పైన బండ వేసి మట్టి కప్పితే అది పాతర. మూసిన గుంటలో గింజలూ పురుగులూ పీల్చగా ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, పురుగు బతకదు. మనిషికీ ఆ గాలి ప్రాణాంతకమే. అందుకే మూత తీసిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవాళ్లు కాదు. ఇంటి గరిసెను చూసినవాళ్లు గండికోటకు వెళితే, జామియా మసీదు దగ్గరున్న పెద్ద ధాన్యాగారాన్నీ తప్పక చూడాలి. ఒక కుటుంబం చేసుకున్న జాగ్రత్తనే ఒక కోట రాతితో చేసుకుంది.

సామాను ఎందుకు పేరుకుంది

మట్టిమిద్దెల స్థానంలో సిమెంటు మిద్దెలు వచ్చాక గోడ మందం తొమ్మిది అంగుళాలకు, లోపలి గోడలైతే నాలుగున్నర అంగుళాలకు తగ్గింది. గూళ్లు పోయాయి, దూలాలు పోయాయి, వాటితో ఉట్టీ దండెమూ పోయాయి. అదే కాలంలో కొనే వస్తువులు పెరిగాయి. పెట్టే చోట్లు తగ్గి వస్తువులు పెరిగితే మిగిలేది మంచం కింద, ఫ్రిజ్ మీద, సజ్జ మీద.

ఈ ప్రాంతంలో సజ్జలు నిండడానికి మొదటి కారణం సారె సామాను. కూతురికి పెట్టే బిందెలు, గంగాళాలు, స్టీలు డబ్బాలు, వాటికి తోడు పెళ్లి చదివింపుల్లో వచ్చిన గిన్నెలు అట్టపెట్టెల్లోనే ఏళ్ల తరబడి ఉంటాయి. పుట్టింటివాళ్లు పెట్టినవి కనుక తీసెయ్యడానికి మనసు రాదు. ఆ మమకారాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. సారెలోంచి రెండు మూడు మంచి వస్తువులు రోజూ వాడుకలోకి తెచ్చి, వాటికి బదులు సొట్టపోయిన పాతవి తీసేస్తే మమకారమూ నిలుస్తుంది, సజ్జా తేలికవుతుంది.

రెండో కారణం ప్లాస్టిక్ డబ్బాలు, కవర్లు. 75 మైక్రాన్లకన్నా పల్చని సంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్లకన్నా పల్చనివాటిని 2022 డిసెంబరు 31 నుంచి కేంద్రం నిషేధించింది. ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం 2022 జులై 1న వచ్చింది. అయినా వంటింటి తలుపు వెనక సంచిలో సంచులు కుక్కి ఉంచని ఇల్లు తక్కువ.

చిన్న ఇళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. 2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చారు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అందులో కట్టుకునే ఇల్లు 340 చదరపు అడుగులు. అంత ఇంట్లో ఒక మంచం కింది చోటు కూడా లెక్కలోకి వస్తుంది.

చిందరవందర ఇల్లు మనసును అలసగొడుతుందన్నది ఊహ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను దగ్గరగా పరిశీలించారు. తమ ఇల్లు గజిబిజిగా ఉందని చెప్పుకున్న ఆడవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సాయంత్రానికి తగ్గవలసినంత తగ్గడం లేదని 2010లో ప్రచురించారు. మన దగ్గరా భారం ఆడవాళ్ల మీదే పడుతోంది. చెనిక్కాయల చేనులోనో అరటితోటలోనో పని చేసి వచ్చిన మనిషే ఇంట్లో ప్రతి వస్తువు జాడా గుర్తుపెట్టుకోవలసి వస్తోంది. ‘కత్తెర యాడుందిమా?’ అనే ప్రశ్న రాకుండా, ఇంట్లో ఎవరైనా తామే తీసుకుని తిరిగి అక్కడే పెట్టగలిగితేనే సర్దుబాటు కుదిరినట్టు. ఇల్లు అందంగా కనబడటం రెండో సంగతి.

సర్దే క్రమం

జపాన్ కర్మాగారాల్లో పుట్టిన అయిదు మెట్ల పద్ధతిలో మొదటి మెట్టు ఏరివేత, రెండోది చోటు చూపడం. ఈ వరస తప్పకూడదు. ఏరకుండా సర్దడమంటే అక్కర్లేనివాటికి కూడా డబ్బాలు కొనడమే. జపాన్‌కే చెందిన మారీ కోండో గదివారీగా కాకుండా రకంవారీగా ఏరమని చెప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఇంట్లో ఎక్కడెక్కడో ఉన్న ఒకే రకం వస్తువులన్నీ ఒకచోట పోసి చూడాలి. ప్లాస్టిక్ డబ్బాలతో మొదలుపెట్టడం సులువు, వాటి మీద ఎవరికీ మమకారం ఉండదు. మూత లేని డబ్బా, డబ్బా లేని మూత మొదట బయటికి.

వంటింట్లో చేతికీ వస్తువుకూ మధ్య దూరమే కొలత. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్లకోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంటే 70 చదరపు అడుగులు. పప్పు, చక్కెర, బియ్యం వంటివాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు అందులో చేతికందే ఎత్తున ఉండేవి. మన వంటింట్లోనూ నడుము నుంచి కంటి ఎత్తు వరకు ఉన్న అరలు రోజువారీ వస్తువులకే ఇవ్వాలి. సంగటి కెలికే తెడ్డు, చట్టి, పోపుల డబ్బా, ఉప్పు, నూనె పొయ్యికి చేతిదూరంలో ఉండాలి. పండగలకు తీసే పెద్ద బోకులు సజ్జ మీదికి. ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలను దొంతిగా పెట్టాలి. గ్యాస్ సిలిండరును మూసిన అరలో ఇరికించకూడదు. గాలి ఆడే చోట నిలువుగా, పొయ్యికన్నా దిగువన ఉంచాలి.

వేసవిలో కొనే ఏడాది సరుకులది వేరే లెక్క. చింతపండు, ఎండుమిరపకాయలు, కందిబ్యాళ్లు, ధనియాలు ఒక్కసారే ఇంటికి వస్తాయి. బాగా ఎండబెట్టి, చల్లారాక డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే లోపల తేమ చేరుతుంది. కందులకు ఆముదం పట్టించడం, డబ్బాల్లో ఎండిన వేపాకు వెయ్యడం ఇప్పటికీ పనికివచ్చే జాగ్రత్తలు. పెద్ద డబ్బా లోపలి గదిలో ఉంచి, వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుంటే వంటగట్టు ఖాళీగా ఉంటుంది. పాత సరుకు అయ్యేదాకా కొత్తది దాని మీద పొయ్యకూడదు.

బట్టల విషయంలో పాత ట్రంకుపెట్టెను తీసెయ్యడం తొందరపాటు. ఎలుకలు కొరకలేని, చెదలు తినలేని పెట్టె అది. కంబళ్లు, దుప్పట్లు, పట్టుచీరలు అందులో ఉంచి మంచం కిందికి తోయవచ్చు. పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు, పిల్లల మార్కుల పత్రాలు ఒకే ఫైలులో, ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసిన చోట ఉండాలి. మందుల పెట్టె పిల్లలకు అందకూడదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాలో సిమెంటు కప్పు కిందనున్న సజ్జ మందులకూ నూనెకూ తగిన చోటు కాదు. అక్కడ బోకులే ఉండాలి.

బయటికి పంపడం

పాత వస్తువు ఇల్లు దాటడానికి ఈ ఊళ్లలో దారులు ఎప్పుడూ ఉన్నాయి. పాత ఇనుము, ప్లాస్టిక్ తీసుకుని ఉల్లిగడ్డలో ఉప్పో ఇచ్చేవాళ్లు, పాత బట్టలకూ తలవెంట్రుకలకూ స్టీలు సామాను ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వస్తారు. వెంట్రుకల బదులు స్టీలు గిన్నె తీసుకోవడం లాభమే గానీ, ఆ గిన్నెకు ఇంట్లో చోటుందా అని ముందే చూసుకోవాలి. చిరిగిన చీరలు బొంతలవుతాయి. మెత్తటి పాత చీరల బొంతకు బజారులో సాటి దొరకదు.

ఏరివేతకు పండగలే గడువు. ఉగాదికి, సంక్రాంతికి ముందు ఇల్లంతా బయట పెట్టి సున్నం కొట్టడం, ముస్లిం ఇళ్లలో రంజానుకు ముందు రంగులు వేయడం అలాంటివే. భోగిమంటలో మాత్రం ప్లాస్టిక్, రెగ్జిన్, టైర్లు వెయ్యకూడదు, ఆ పొగ ముందు తగిలేది మంట చుట్టూ ఉన్న పసిపిల్లలకే. ప్రతి నెలా మూడో శనివారాన్ని పారిశుధ్యానికి కేటాయించే స్వచ్ఛాంధ్ర కార్యక్రమాన్ని 2025 జనవరి 18న ఇదే జిల్లాలోని మైదుకూరులో ప్రారంభించారు. ఆ రోజును ఇంటి ఏరివేతకు కూడా పెట్టుకోవచ్చు. నెలకు ఒక్క అర చాలు.

పెరట్లో పేరుకున్న సామాను ప్రాణం మీదికి కూడా తెస్తుంది. కట్టెల కుప్పలు, విరిగిన పెంకులు, పాత గోనెలు తేళ్లకు, జెర్రులకు, పాములకు చోటిస్తాయి. కట్టెలను ఇంటిగోడకు ఆనించకుండా, నేలకు కొంచెం ఎత్తున, దూరంగా పేర్చాలి. పాత టైర్లు, టెంకాయ చిప్పలు, పగిలిన తొట్లలో నిలిచిన నీట్లో డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం నీటి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య శాఖ చెప్పేది అందుకే.

కడప బండ అరలు

దక్షిణ భారతమంతా వంటిళ్లలో అరలుగా కనబడే నల్లబండ ఈ జిల్లా సున్నపురాయి. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక పలకలుగా సులువుగా విడిపోతుంది. చెద పట్టదు, తడికి ఉబ్బదు, తుప్పు లేదు. బరువు మాత్రం ఎక్కువ. అంగుళం మందంతో చదరపు అడుగు బండ ఆరు కిలోలు దాటుతుంది. పొడవాటి అర వేస్తే మధ్యలో నిలువు బండ ఆసరా కావాలి. ఇది సున్నపురాయి కాబట్టి పులుపు పడితే మచ్చ తేలుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు వెంటనే తుడవాలి, ఊరగాయ జాడీ కింద పళ్లెం పెట్టాలి. వెలిసిన బండను కడిగి ఆరబెట్టి కాస్త నూనె రుద్దితే నలుపు తిరిగి వస్తుంది.

బీరువాలూ చెక్క అల్మరాలూ ఎన్ని వచ్చినా, తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలిచేది ఈ బండ అరే. లోతు అడుగు మించకపోతే పాత గూడు గుణం దానికీ వస్తుంది. అయితే దీన్ని గోడ కట్టేటప్పుడే అందులో ఇమిడ్చాలి, పూత పూర్తయ్యాక గోడ కొట్టి పెట్టడం ఖర్చు, పైగా గోడకు చేటు. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు గోడలు లేవకముందే వంటచేసే మనిషిని ఆ చోట నిలబెట్టి, ఏ వస్తువు ఏ ఎత్తున కావాలో అడిగి, అరలు ఎక్కడ రావాలో మేస్త్రీకి గీసి చూపించండి.