కూలిన చెయ్యి

హోసూరు కార్ఖానాలో 1980లో పుట్టిన టీవీఎస్ 50 ఇద్దరిని మోసే బుల్లి బండి. ఆ తరవాత ఆ సీమలో పనికీ, పూలతోటకూ, సంతకూ రెండు చక్రాలే కాళ్లయ్యాయి. శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ కాళ్లు జారుతూనే ఉంటాయి.

మనిషి భుజం మీద పడతాడు. తల ఒకవైపు, భుజం ఇంకోవైపు విడిపోతాయి. హెల్మెట్ తలనే కాస్తుంది. మెడలోంచి చేతికి దిగే అయిదు నరాల వేర్లు ఆ ఒక్క లాగుడుకే వెన్నుపాము నుంచి ఊడిరావచ్చు. ఒక్కోసారి ఒక్క ఎముకా విరగదు. కుర్రవాడు లేచి నిలబడతాడు, చెయ్యి లేవదు.

రెండు వారాలు పోయాక వేలికి కరెంటు తాకిస్తే స్పర్శనరం చక్కగా పలుకుతుంది. అతనికి మాత్రం ఏమీ తెలియదు. నరకణం వెన్నుపాము బయటి ముడిలో బతికే ఉంది. దాని కబురు లోపలికి చేరే దారి తెగింది. కాగితం మీద గీత బాగుందంటే చెయ్యి పోయిందన్నమాట. ఇంత క్రూరమైన మంచి రిపోర్టు ఇంకోటి ఉండదేమో.

వేరు సంగతి నేరుగా తెలుసుకోవడానికి మెడలోనే దాన్ని కరెంటుతో తట్టాలంటే పొడవాటి సూది దింపాలి. మెడ నరాల్లో ఎనిమిదో వేరుకు దగ్గర్లోనే ఊపిరితిత్తి కొన. అందుకే వెనకనుంచి దింపి, పూస ఎముక తగలగానే ఆపుతారు. 1985లో షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం అయస్కాంత తీగచుట్టతో మెదడును బయటినుంచే తట్టి చూపింది. అలాంటి చుట్టనే మెడ వెనక ఆనిస్తే సూదితో పనిలేదు. కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పెట్టకూడదు, ప్రతి వేరూ దానికి పూర్తిగా పలకదు. ఊడిన వేరు సంగతి చివరికి ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది: వేరు మొదలుకు చిన్న కరెంటు తాకించి, అది మెదడు దాకా చేరిందో లేదో తలమీది ఎలక్ట్రోడ్లతో చూస్తారు.

ఆ బల్ల దాకా రావడంలోనే ఆలస్యం. పుత్తూరు కట్టుకు ఎముకల దగ్గర పేరుంది, ఊడిన నరానికి ఏ కట్టూ పనిచేయదు. మూడు నుంచి ఆరు నెలల్లోపు నరం కలపాలి. ఏడాదిన్నర దాటితే కండ ఏ నరం మాటా వినదు. హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లే. బస్సు చార్జీ కాదు భయం, ఆపరేషన్ ఖర్చు, ఇంట్లో సంపాదించే చెయ్యి అదే కావడం.

కింది రెండు వేర్లు బతికుంటే, 1994లో పారిస్‌కు చెందిన సర్జన్ ఒబెర్లిన్ చూపిన దారిలో, చేతిలోనే పనిచేస్తున్న పక్క నరం పోగును జబ్బకండకు కలుపుతారు. అయిదూ పోతే పక్కటెముకల నరాలను అరువు తెస్తారు. అప్పుడు మొదట్లో గట్టిగా ఊపిరి పీలిస్తేనే మోచెయ్యి ముడుచుకుంటుంది. దగ్గొస్తే దానంతటదే లేస్తుంది. వేళ్లు మాత్రం చాలామందికి కదలవు.