నొప్పి తగ్గించిన ఘనత ఎవరిది?

బెంగాల్లో తెలుగు బాగా వినిపించే ఊరు ఖరగ్‌పూర్. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే లైను వాల్తేరు దాకా ఉండేది. ఆ లైను వెంబడే ఉత్తర కోస్తా నుంచి మనవాళ్ళు పనికోసం వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు.

రైల్వే కార్ఖానాలో చాలా పని చేతుల పనే. సుత్తి, ఆకురాయి, పానా. రోజంతా ఒకే కదలిక. అలా పనిచేసే మనిషికి మోచేతి దగ్గరో, మణికట్టు దగ్గరో నొప్పి వస్తే మన ఊళ్ళలో "నరం పట్టింది" అంటారు. నిజానికి అది నరం కాదు. కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి స్నాయుబంధనం దెబ్బతింటుంది. డాక్టర్లు టెండినైటిస్ అంటారు. మనవాళ్ళు మంత్రం వేయిస్తారు, తాయెత్తు కడతారు, చురకలు కూడా పెట్టిస్తారు. కొన్ని నెలలకు నొప్పి తగ్గుతుంది. పేరు మంత్రగాడికి వస్తుంది.

పనివల్లే చెయ్యి పాడవుతుందని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1713లోనే రాశాడు. రాసి రాసి కుడిచెయ్యి పడిపోయిన ఒక లేఖకుడు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడట. కొన్నాళ్ళకు ఆ చెయ్యీ అంతే అయింది! ఇందులో గ్రహదోషం ఎక్కడుంది? 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ ద కెర్వాన్ బొటనవేలి మొదట్లో వచ్చే ఇలాంటి జబ్బును వర్ణించాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే.

తర్వాత స్టెరాయిడ్ సూది వచ్చింది. వేయగానే నొప్పి తగ్గుతుంది. ఇది సైన్సు కదా అని మనం ఊరుకోకూడదు. దీన్నీ పరీక్షించాలి. ఆస్ట్రేలియాలో 165 మంది మోచేతి నొప్పి రోగులపై చేసిన పరీక్ష 2013లో అచ్చయింది. కొందరికి స్టెరాయిడ్, కొందరికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. ఏడాది తర్వాత చూస్తే స్టెరాయిడ్ వాళ్ళలో 83 శాతం, ఉప్పునీటి వాళ్ళలో 96 శాతం కోలుకున్నారు. నొప్పి తిరగబెట్టింది స్టెరాయిడ్ వాళ్ళలో 54 శాతానికి, ఉప్పునీటి వాళ్ళలో 12 శాతానికి.

దీని అర్థం ఏమిటి? ఈ నొప్పి చాలామందిలో కాలక్రమంలో దానంతటదే తగ్గుతుంది. తగ్గే ముందు ఏది కడితే దానికే ఘనత దక్కుతుంది. పోల్చి చూసేందుకు మరో గుంపు లేకపోతే ఉప్పునీరు కూడా మహిమ గలదే!

అయితే బరువైన చేతిపని మానలేనివారు ఆలస్యంగా కోలుకుంటారు. అసలు చికిత్స చేతిమీద భారం తగ్గించడం, పనిముట్టు, పని తీరు మార్చడం, తర్వాత వ్యాయామంతో మెల్లగా బలం పెంచడం. తిమ్మిరి, పట్టు సడలడం ఉంటే డాక్టరుకు చూపించాలి.

మరి భారం ఎవరు తగ్గించుకోగలరు? 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె చేశారు. వారి సంఘానికి నాయకుడు తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి. కొలువే ఊడిపోయే రోజుల్లో చెయ్యి నొప్పిగా ఉంది, తేలిక పని ఇవ్వండి అని ఫోర్‌మన్‌ను అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? తాయెత్తుకు సెలవు అక్కర్లేదు. జీతమూ కోతపడదు. దాని ఆకర్షణలో కొంత రహస్యం ఇదే.

చట్టమూ ఈ నొప్పిని గుర్తించలేదు. బ్రిటన్ 1908లోనే తంతి గుమాస్తాల చేతి జబ్బును నష్టపరిహారం జాబితాలో చేర్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో చివరికి 29 జబ్బులు చేరాయి. సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది. స్నాయుబంధనం జబ్బు ఉండేది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో మాత్రం పేరుపెట్టి మరీ ఉంది.

తాయెత్తు కట్టుకున్న కార్మికుణ్ణి చూసి నవ్వడం తేలిక. అతనికి జీతం పోకుండా నాలుగు వారాల తేలిక పని ఇప్పించమని అడగడం కష్టం. హేతువాది చేయాల్సింది ఆ రెండో పని. అది దొరికిన రోజున తాయెత్తు దానంతటదే ఊడిపోతుంది.